రెండు చెంబుల నీళ్ళు, ఒకే గీత

మా జగ్గయ్యపేటలో ప్రెగ్నెన్సీ కిట్ కొనడం అంత తేలికైన పని కాదు. కిట్లు దొరకక కాదు, మెయిన్ రోడ్డు మీద మెడికల్ షాపులకు కొదవ లేదు. కానీ ఆ షాపుల్లో కూర్చునే వాళ్ళలో సగం మంది మా మామగారి స్నేహితులు, మిగతా సగం మా ఆయనతో కలిసి చదువుకున్నవాళ్ళు. నేను తలనొప్పి మాత్ర కొన్నా సాయంత్రానికల్లా "కోడలికి ఒంట్లో బాలేదంటగా" అని ఇంటికి కబురొచ్చేది. ఇక ఈ కిట్ కొంటే బారసాల ఎప్పుడని నేరుగా ఇంటికే వచ్చి అడిగేవాళ్ళు.

పోనీ నందిగామలో కొందామా అంటే నేను అక్కడ ఒక ప్రైవేటు హైస్కూల్లో సైన్స్ టీచర్ని. రోజూ బస్సులో వెళ్ళి వస్తాను. బస్టాండు దగ్గర మెడికల్ షాపు నడిపే ఆయన కూతురు నా క్లాసులోనే, మొదటి బెంచీలో కూర్చుంటుంది. అందుకని కంచికచర్ల దాకా పోయి కొనేదాన్ని. ఆదివారం పరిటాల వెళ్ళి హనుమంతుడికి దణ్ణం పెట్టుకొస్తానని ఇంట్లో చెప్పి, తిరుగు ప్రయాణంలో కంచికచర్లలో దిగి, మొహం తెలియని షాపులో మూడు నాలుగు కిట్లు ఒకేసారి కొనేదాన్ని. షాపతను వాటిని పేపర్లో గట్టిగా చుట్టి నా మొహం చూడకుండా ఇచ్చేవాడు. మా అత్తగారు నా భక్తికి మురిసిపోయేది. దేవుడి పేరు చెప్పి చేస్తున్న పనికి నాకు కాస్త సిగ్గుగానే ఉండేది గానీ, ఆయన బ్రహ్మచారి, ఇలాంటివి పట్టించుకోడులే అని సర్దిచెప్పుకునేదాన్ని.

అప్పటికి నాకు పెళ్ళయి మూడేళ్ళు. నాకు బిడ్డ కావాలి. ఎవరో అడుగుతున్నారని కాదు, నాకే కావాలి. స్కూల్లో రోజంతా ఊరందరి పిల్లలతో గొంతు పోయేలా అరిచి, ఇంటికొచ్చి గేటు తీయగానే ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే నాకు కోపం వచ్చేది. బాధ కూడా కాదు, కోపం.

కిట్ సంగతి తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. వేలెడంత ప్లాస్టిక్ ముక్క, దానికొక చివర చిన్న గుంట, మధ్యలో కిటికీ. ఉదయం లేవగానే వచ్చే మూత్రాన్ని చిన్న కప్పులో పట్టి, లోపల ఇచ్చిన డ్రాపరుతో మూడు చుక్కలు గుంటలో వేయాలి. ఐదు నిమిషాల్లో కిటికీలో ఒక గీత వస్తే లేనట్టు, రెండు వస్తే ఉన్నట్టు. మొదటి గీత కిట్ పనిచేస్తోందని చెప్పడానికి, రెండోది మన సంగతి చెప్పడానికి. నాకెప్పుడూ మొదటి గీతే వచ్చేది. కిట్ బాగానే పనిచేస్తోందని నెలనెలా రుజువు చేసుకునేదాన్ని.

ఒకసారి మాత్రం మోసపోయాను. పొద్దున ఒక గీతే చూసి బాత్రూమ్ కిటికీలో పడేసి బడికి పోయాను. సాయంత్రం వచ్చి చూస్తే రెండోచోట బూడిదరంగులో సన్నగా ఏదో ఉంది. దాన్ని ట్యూబ్‌లైటు కింద పెట్టి చూశాను, సెల్‌ఫోన్ లైటు వేసి చూశాను, మా ఆయన్ని పిలిచి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చూసి, "ఉన్నట్టే ఉంది" అన్నాడు. మర్నాడు ఇంకో కిట్ వాడితే మళ్ళీ ఒకటే గీత. అప్పుడు కాగితం విప్పి చదివితే, చెప్పిన టైము దాటాక చూసింది లెక్కలోకి తీసుకోవద్దని చిన్న అక్షరాల్లో ఉంది. తడి ఆరినప్పుడు అలా చార పడుతుందట. అప్పటినుంచి గడియారం దగ్గర పెట్టుకుని ఐదు నిమిషాలు చూసి, చెత్తబుట్టలో వేసి, మూత పెట్టేసేదాన్ని. ఇక ఈ పరీక్షలో నాకు తెలియనిది లేదనుకున్నాను.

ఇప్పుడు మా అత్తగారి గురించి చెప్పాలి. మాది సున్నపురాయి నేల. చుట్టూ క్వారీలు, సిమెంటు ఫ్యాక్టరీలు. మా ఆయన కూడా ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ సెక్షన్‌లోనే పనిచేస్తాడు. బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. దాన్ని చూపించి, ఇదే మన కిడ్నీల్లోనూ కడుతుందని మా వీధిలో అందరూ నమ్ముతారు. తాగడానికి క్యాన్ నీళ్ళు వచ్చాక కూడా ఆ భయం పోలేదు. మా అత్తగారికి ఒకప్పుడు నిజంగానే రాయి వచ్చింది. అది పడిపోయినప్పుడు ఆవిడ కడిగి, మాత్రల డబ్బీలో దూది వేసి దాచింది. ఇంటికి ఎవరొచ్చినా కాఫీ తాగాక ఆ డబ్బీ బయటికి వచ్చేది. పెసరబద్దంత ఉంటుంది. ఆవిడ మాత్రం శనగగింజంత అంటుంది.

అందువల్ల మా ఇంట్లో ఒక కట్టడి. పడుకునే ముందు ఒక చెంబు నీళ్ళు, లేవగానే పాచి నోటితో ఒక చెంబు నీళ్ళు. చెంబంటే చిన్నది కాదు, లీటరు పైనే పడుతుంది. అది తాగందే ఎవరూ బాత్రూమ్ వైపు వెళ్ళకూడదు. "తాగమ్మాయ్, తాగు. లోపలున్నదంతా కడిగేసుద్ది" అని వంటింటి గడప దగ్గర నిలబడి, నేను ఆఖరి గుటక మింగేదాకా చూసేది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనిపించుకోవడం ఎందుకని నేనూ తాగేదాన్ని. రాత్రి తాగిన చెంబుకు రెండుసార్లు లేవాల్సి వచ్చేది. పొద్దున తాగిన చెంబుకు అరగంటలో వెళ్ళాల్సి వచ్చేది. నా పరీక్ష ఆ అరగంట తర్వాతే జరిగేది. ఉదయం మొదటిసారి అని కాగితంలో ఉంది, నేను చేసింది ఉదయం మొదటిసారే. అందులో నాకు తప్పేమీ కనిపించలేదు.

ఆ సంవత్సరం వార్షిక పరీక్షలకు ముందు నాకు నెల తప్పింది. తొమ్మిది రోజులు చూశాను. పదో రోజు చెంబుడు నీళ్ళు తాగి, అరగంట ఆగి, మూడు చుక్కలు వేసి, గడియారం చూశాను. ఒకటే గీత. మా ఆయనకు తల అడ్డంగా ఊపి చూపించాను. ఆయన "సరేలే" అని టిఫిన్ బాక్సు తీసుకుని డ్యూటీకి పోయాడు.

మూడు రోజులకు కొంచెం కొంచెంగా ఎరుపు కనిపించింది. ఆలస్యంగానైనా వచ్చేసిందనుకున్నాను. ఎప్పటిలా కాకుండా గోధుమరంగులో, చుక్కలు చుక్కలుగా. దాంతోపాటు పొత్తికడుపులో ఎడమవైపు ఒకచోట నొప్పి మొదలైంది. నేను నడుం మీద చెయ్యి పెట్టుకుని కూర్చోవడం మా అత్తగారు చూసింది. ఆవిడకు రోగం కనిపెట్టడానికి అరనిమిషం కూడా పట్టలేదు.

"రాయే. నాకూ ఇట్టాగే ఎడం పక్క నుంచే మొదలైంది. చెంబు చాలదమ్మాయ్, పెద్ద గ్లాసుడు ఉలవకట్టు కూడా తాగాలి."

ఆ రోజు నుంచి నీళ్ళకు తోడు ఉలవకట్టు, అరటిదూట రసం, బార్లీ. నాకు లోపల ఇంకో అనుమానం ఉంది కాబట్టి వారం తర్వాత రెండో కిట్ కూడా వాడాను. అప్పటికి నేను తాగుతున్న నీళ్ళకు నా మూత్రం కుళాయి నీళ్ళంత తెల్లగా ఉంది. ఆ రంగు చూసి మా అత్తగారి వైద్యం బాగా పనిచేస్తోందని కూడా అనుకున్నాను. గీత మళ్ళీ ఒకటే.

"నందిగామలో స్కానింగ్ తీయిద్దాం, పద" అన్నాడు మా ఆయన.

"పరీక్షలు అయిపోనివ్వండి. రెండుసార్లు చూశాగా, ఏమీ లేదు. రాయైతే ఎక్కడికి పోద్ది?" అన్నాను.

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. నాకు బడి మానడం ఇష్టం లేదు, ఆవిడ రాయంది, కిట్ లేదంది. ముగ్గురం ఒకే మాట మీద ఉన్నాం. ఇవాళ ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే చెయ్యెత్తాలనిపిస్తుంది.

తర్వాతి సోమవారం లేస్తూనే వికారంగా ఉంది. మా అత్తగారు చెంబు ఇచ్చింది గానీ, ఫోను మోగితే లోపలికి వెళ్ళింది. నేను పెరట్లోకి వెళ్ళి ఆ నీళ్ళన్నీ కరివేపాకు మొక్కకు పోసేశాను. ఉత్త కడుపుతోనే బస్సెక్కాను. ఎడమ భుజం కొనలో ఏదో గుచ్చుతున్నట్టు నొప్పి. బోర్డు మీద ఎక్కువ రాయడం వల్లేమో అనుకున్నాను. రెండో పీరియడ్‌లో తొమ్మిదో తరగతికి పుటాకార దర్పణం బొమ్మ గీస్తుంటే బోర్డు నల్లగా కాకుండా తెల్లగా కనిపించింది. చాక్‌పీస్ కింద పడిన చప్పుడు విన్నాను. నేను పడిన చప్పుడు వినలేదు.

తెలుగు టీచరు, ఆయా కలిసి నన్ను ఆటోలో వేసుకుని దగ్గర్లోని చిన్న నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరమ్మకు యాభై ఏళ్ళుంటాయి, నెమ్మదైన మనిషి. నాడి చూస్తూనే అడిగారు.

"పీరియడ్స్ ఎప్పుడొచ్చాయమ్మా?"

"ఇప్పుడు వస్తున్నాయండి. పదిరోజుల నుంచీ కొంచెం కొంచెం."

"దానికి ముందు?"

చెప్పాను. ఆవిడ వేళ్ళ మీద లెక్క వేశారు.

"టెస్టు చేసుకున్నానండి, రెండుసార్లు. నెగటివ్ వచ్చింది. కిడ్నీలో రాయండి నాకు" అన్నాను.

"రాయని ఎవరు చెప్పారు?"

"మా అత్తయ్యగారు."

"టెస్టు ఎప్పుడు చేశారు, లేవగానేనా?"

"లేచి నీళ్ళు తాగాకండి."

"ఎన్ని?"

"చెంబుడు. రాత్రి కూడా ఒక చెంబు."

ఆవిడ నా మొహం వైపు ఒకసారి చూశారు. నర్సును పిలిచి సన్నటి గొట్టం వేసి మూత్రం తీయించారు. ఆ రోజు నీళ్ళు మొక్కకు పోసేశాను కాబట్టి అది ముదురు పసుపులో ఉంది. నర్సు మంచం పక్కనున్న స్టూలు మీదే కిట్ పెట్టి మూడు చుక్కలు వేసింది. అలవాటు కొద్దీ నేను గోడ గడియారం చూశాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. మొదటి గీత, దాని పక్కనే గులాబిరంగులో రెండోది. పలచగా ఉంది, కానీ రంగుతో ఉంది. బూడిదచార కాదు.

మూడేళ్ళలో నేను ఆ గీతను చూడటం అదే మొదటిసారి. భుజం లాగేస్తోంది, కడుపు రాయిలా బిగిసింది, చేతులు చల్లబడుతున్నాయి. అయినా నాకు సంతోషం వేసింది. సిగ్గు లేకుండా, ఒళ్ళంతా సంతోషం వేసింది. "మేడమ్, వచ్చిందండీ!" అన్నాను.

డాక్టరమ్మ కిట్ వైపు చూడటం లేదు. నా పొట్ట మీద స్కానింగ్ చేస్తూ తెర వైపు చూస్తున్నారు.

"వచ్చిందమ్మా. కానీ గర్భసంచిలో లేదు. పక్కన అండం వచ్చే ట్యూబులో పడింది. ట్యూబు చిట్లి లోపల రక్తం పోతోంది. నిన్ను ఇప్పుడే విజయవాడ పంపాలి. మీ ఆయన నంబరు చెప్పు" అన్నారు.

నా సంతోషం ఎంతసేపు ఉందో కచ్చితంగా చెప్పగలను. ఆవిడ తెర మీద నుంచి కళ్ళు తిప్పేంతసేపు.

అంబులెన్సులో కంచికచర్ల ఎప్పుడు దాటామో తెలియదు. విజయవాడలో ఆపరేషన్ చేసి ఎడమవైపు ట్యూబు తీసేశారు. ఇంకో గంట ఆలస్యమైతే కష్టమయ్యేదని మా ఆయనతో చెప్పారట. ఆయన ఆ సంగతి నాకు నెల తర్వాత చెప్పాడు.

మర్నాడు రౌండ్స్‌కు వచ్చిన డ్యూటీ డాక్టరు చిన్న వయసు అమ్మాయి, ఓపిగ్గా చెప్పింది. గర్భం వస్తే ఒంట్లో ఒక హార్మోన్ తయారై మూత్రంలోకి వస్తుంది. కిట్ దాన్నే పట్టుకుంటుంది. అది ఒక మోతాదుకు మించి ఉంటేనే గీత పడుతుంది. రోజులు మరీ ముందైనా, నీళ్ళు ఎక్కువ తాగి మూత్రం పలచబడినా గీత పడకపోవచ్చు. ట్యూబులో పడిన గర్భానికి చాలాసార్లు ఆ హార్మోన్ మామూలు కన్నా నెమ్మదిగా పెరుగుతుంది. పైగా గీత పడినా, గర్భం ఎక్కడ ఉందో కిట్ చెప్పలేదు. అది స్కానింగ్ చెప్పాలి. ట్యూబు చిట్లి లోపల రక్తం చేరితే భుజం కొనలో కూడా నొప్పి వస్తుంది. "లేదని వచ్చినా నెల రాకపోతే రెండు మూడు రోజులాగి మళ్ళీ చూసుకోవాలండి. నొప్పి ఉంటే కిట్‌ను నమ్ముకుని కూర్చోకూడదు, వచ్చి రక్తపరీక్ష చేయించుకోవాలి" అంది.

ద్రావణి, ద్రావితం, గాఢత. ఆ పాఠం ఏటా నేనే చెబుతాను. రెండు బీకర్లు పెట్టి, రెండింట్లో చెంచాడు చొప్పున ఉప్పు వేసి, ఒకదాంట్లో నీళ్ళు పోస్తూ పోతే ఏమవుతుందిరా అని పిల్లల్నే అడుగుతాను. వెనక బెంచీ వాడు కూడా చెబుతాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందని మా నాయనమ్మ ఎవర్నో అంటుంటే నవ్వేదాన్ని. నన్ను అనాల్సిన మాట అది.

మా అత్తగారు హాస్పిటల్లో నా కాళ్ళ దగ్గర కూర్చుని రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆవిడకు ఎవరో ఫోన్ చేశారు. వరండాలోకి వెళ్ళి మాట్లాడింది గానీ నాకు వినపడుతూనే ఉంది.

"ఆఁ, రాయేనండి. పెద్దదంట. ఆపరేషన్ చేసి తీసేశారు. ఇప్పుడు బానే ఉంది."

ఇంటికి వచ్చాక చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళకూ అదే చెప్పింది. వాళ్ళు నా పొట్టకేసి చూసి, నీళ్ళు బాగా తాగమని చెప్పి, బత్తాయిలు ఇచ్చి వెళ్ళేవాళ్ళు. నాకు లోపల మండిపోయేది. ఏడు వారాలు నాలో ఉన్నది, నేను అరనిమిషం చూసుకుని సంతోషపడ్డది, దానికి ఆవిడ పెట్టిన పేరు రాయి.

"అమ్మ నీ మంచికేగా అంటంది. ట్యూబు తీసేశారంటే ఇక పిల్లలు పుట్టరని వీధంతా టముకేస్తారు" అన్నాడు మా ఆయన.

"అట్టయితే మీరూ రాయనే అనుకోండి" అన్నాను.

ఆవిడతో నేను పోట్లాడలేదు. పోట్లాడితే ఆ మాట బయటికి చెప్పాలి, చెప్పే ఓపిక నాకు లేదు. ఇంట్లో చెంబు కట్టడి మాత్రం దానంతటదే ఆగిపోయింది. పొద్దున్నే గడప దగ్గర ఎవరూ నిలబడటం లేదు. అతిథులు వస్తే డబ్బీ కూడా బయటికి రావడం లేదు. ఆవిడకూ ఏదో తెలిసిందని నాకు అర్థమైంది. కానీ ఆవిడ నోరు విప్పలేదు, నేనూ విప్పలేదు. అట్లా రెండేళ్ళు ఒకే వంటింట్లో తిరిగాం.

ఒక ట్యూబు ఉన్నా చాలని డాక్టర్లు చెప్పారు. రెండేళ్ళకు మళ్ళీ నెల తప్పింది. ఈసారి పరిటాల పోలేదు. మా జగ్గయ్యపేట మెయిన్ రోడ్డు మీద, మా మామగారి స్నేహితుడి షాపులో, నలుగురు నిలబడి ఉండగా గట్టిగా అడిగి కొన్నాను. పేపర్లో చుట్టబోతే వద్దన్నాను. ఎవరికి చెప్పుకుంటారో చెప్పుకోండి అనుకున్నాను. మర్నాడు కళ్ళు తెరుస్తూనే, మంచినీళ్ళు కూడా ముట్టుకోకుండా పరీక్ష చేశాను. రెండు గీతలు, రెండూ స్పష్టంగా. ఈసారి సంతోషపడలేదు. ఎక్కడుందో తెలిసేదాకా అది గీతే, బిడ్డ కాదు.

"నేనూ వస్తన్నా" అంది మా అత్తగారు. ఎక్కడికని కూడా అడగలేదు. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. ఇద్దరం బస్సెక్కి నందిగామ వెళ్ళాం, ఆ నర్సింగ్ హోమ్‌కే. ఆ డాక్టరమ్మే స్కానింగ్ చేసి, తెర నా వైపు తిప్పి, "ఇదుగో, ఉండాల్సిన చోటే ఉంది" అన్నారు. నా చెయ్యి మా అత్తగారి చేతిలో ఎప్పుడు పడిందో నాకు గుర్తు లేదు.

బయట టేబులు దగ్గర నర్సు కొత్త కార్డు తీసింది. కొత్తగా చేరిన పిల్ల, నన్ను ఎరగదు. నా పేరు, ఊరు, వయసు రాసుకుంది. తర్వాత తలెత్తకుండానే అడిగింది.

"ఇది ఎన్నో గర్భమమ్మా?"

డాక్టరు దగ్గర దాచకూడదని నాకు తెలుసు. అయినా పక్కనే ఆవిడ ఉంది, వెనక బెంచీ మీద మా ఊరి వాళ్ళెవరైనా ఉండి ఉండవచ్చు. రెండేళ్ళుగా దాచిన అలవాటు అడ్డొచ్చింది. నేను తడుముకుంటుంటే, మా అత్తగారు ముందుకు వచ్చి టేబులు మీద చెయ్యి ఆనించింది.

"రెండోది" అంది, అందరికీ వినపడేలా.

నర్సు రాసుకుంటూ, "మొదటిది బాబా, పాపా?" అంది.

"తెలీదమ్మా. మాకు తెలిసేలోపే పోయింది. నువ్వు మాత్రం ఇది రెండోదనే రాసుకో."